డ్యాష్‌క్యామ్‌కు ఫ్యూజ్ బాక్స్ నుంచి కరెంటు ఇవ్వడం: పూర్తి పద్ధతి

డ్యాష్‌క్యామ్ (ముందు అద్దం దగ్గర బిగించి రోడ్డును రికార్డు చేసే కెమెరా) కొన్న చాలామంది దాని ప్లగ్‌ను సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి వదిలేస్తారు. కెమెరా పనిచేస్తుంది కానీ వైరు డ్యాష్‌బోర్డు మీదుగా వేలాడుతుంది, ఫోన్ ఛార్జింగ్‌కు సాకెట్ మిగలదు. పైగా చాలా కార్లలో ఇంజిన్ ఆపిన కాసేపటికే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది. పార్కింగ్‌లో ఎవరైనా గుద్ది వెళ్లిపోతే రికార్డింగ్ ఉండదు. ఫ్యూజ్ బాక్స్ నుంచి కనెక్షన్ ఇస్తే ఈ మూడు ఇబ్బందులూ తీరతాయి.

పని కష్టమేమీ కాదు. మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చినవాళ్లు ఒక పూటలో చేసేయొచ్చు. అయితే రెండు చోట్ల అజాగ్రత్త అస్సలు పనికిరాదు. ఏ ఫ్యూజ్ నుంచి కరెంటు తీసుకుంటున్నాం అనేది మొదటిది, ముందు పిల్లర్‌లో (ముందు అద్దానికి పక్కనున్న స్తంభం) ఎయిర్‌బ్యాగ్ పక్కన వైరు ఎలా వెళుతోంది అనేది రెండోది. మిగతా చోట్ల పొరపాటు జరిగితే సాధారణంగా కెమెరా వెలగదు, అంతే, మళ్లీ విప్పి సరిచేసుకోవచ్చు. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువగా చెప్తాను.

రాడార్ డిటెక్టర్ (పోలీసుల స్పీడ్ రాడార్‌ను పసిగట్టే పరికరం) బిగించుకునేవాళ్లకూ ఇదే పద్ధతి. అది సాధారణంగా 12 వోల్టులు నేరుగా తీసుకుంటుంది, బండి ఆపాక దాంతో పని లేదు, కాబట్టి ఒక కరెంటు వైరు, ఒక గ్రౌండ్ వైరు (కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) చాలు. కాకపోతే రాడార్ డిటెక్టర్ వాడకం చాలా దేశాల్లో నిషేధం. కొనేముందే మీరుండే చోట చట్టం ఏమంటుందో చూసుకోండి.

ముందు కిట్‌లోని వైర్లు అర్థం చేసుకోండి

డ్యాష్‌క్యామ్‌ను ఫ్యూజ్ బాక్స్‌కు కలపడానికి అమ్మే హార్డ్‌వైర్ కిట్‌లో ఒక చివర చిన్న నల్ల డబ్బా, దానికి మూడు వైర్లు ఉంటాయి. రెండో చివర కెమెరాకు పెట్టే యూఎస్‌బీ పిన్ను. ఆ డబ్బా రెండు పనులు చేస్తుంది. కారు ఇచ్చే 12 వోల్టులను కెమెరాకు సరిపోయే 5 వోల్టులకు తగ్గిస్తుంది. బ్యాటరీ వోల్టేజీ మరీ పడిపోతే కెమెరాను ఆపేస్తుంది, దీన్నే కటాఫ్ అంటారు. కొన్ని కెమెరాలు 12 వోల్టులే తీసుకుంటాయి, వాటి కిట్ వేరు. అందుకే మీ మోడల్‌కు చెప్పిన కిట్టే కొనండి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌ను కోసి నేరుగా ఫ్యూజ్‌కు కలిపితే 5 వోల్టుల కెమెరాలోకి 12 వోల్టులు వెళ్తాయి, కెమెరా కాలిపోతుంది.

మూడు వైర్లలో నలుపు గ్రౌండ్. ఎరుపు సాధారణంగా ఏసీసీ, అంటే తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు ఉండే ఫ్యూజ్‌కు వెళ్లాలి. పసుపు బ్యాటరీ వైరు, దీనికి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్ కావాలి. కెమెరా నడిచేది పసుపు వైరు కరెంటుతో. ఎరుపు వైరు ఇంజిన్ ఆన్‌లో ఉందా ఆగిందా అని చెప్పే సంకేతం మాత్రమే. ఎరుపులో కరెంటు పోగానే కెమెరా పార్కింగ్ మోడ్‌లోకి, అంటే ఆగి ఉన్న బండిని కాపలా కాసే రికార్డింగ్‌లోకి, మారుతుంది. రంగులు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు, వైరు మీది లేబుల్ చదివి ముందుకెళ్లండి. పార్కింగ్ రికార్డింగ్ అక్కర్లేదనుకుంటే చాలా కిట్లలో ఎరుపు, పసుపు రెండూ కలిపి ఒకే ఏసీసీ ఫ్యూజ్‌కు ఇవ్వొచ్చు. అప్పుడు బ్యాటరీ గురించి టెన్షన్ కూడా ఉండదు.

కావాల్సిన సామాను

డిజిటల్ మల్టీమీటర్, కరెంటు తీసుకునే ఒక్కో ఫ్యూజ్‌కు ఒక ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజ్ స్లాట్‌లో పెట్టి అదనంగా ఒక వైరు బయటికి తీసే ముక్క), కొన్ని చిన్న ఫ్యూజులు, క్రింపింగ్ ప్లయర్ (కనెక్టర్‌ను వైరు మీద నొక్కి బిగించేది), ట్రిమ్ (కారు లోపలి ప్లాస్టిక్ కవర్లు) విప్పే ప్లాస్టిక్ పనిముట్లు, జిప్ టైలు, గుడ్డ టేపు, 10 మిల్లీమీటర్ల స్పానర్. మల్టీమీటర్‌కు బదులు పాతకాలపు బల్బు టెస్టర్ వాడొద్దు. దాని బల్బు వెలగడానికి చెప్పుకోదగ్గ కరెంటు లాగుతుంది, పొరపాటున ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌కో కంప్యూటర్ లైనుకో తగిలితే ప్రమాదం. మీటర్‌తో వోల్టేజీ కొలిచేటప్పుడు పోయే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ.

ఫ్యూజ్ ట్యాప్ కొనేముందు కారు ఫ్యూజ్ ఒకటి పీకి సైజు చూసుకోండి. మామూలు బ్లేడ్ ఫ్యూజ్ వెడల్పు సుమారు 19 మిల్లీమీటర్లు, మినీ ఫ్యూజ్ సుమారు 11. లో ప్రొఫైల్ మినీకి మినీ అంత వెడల్పే ఉంటుంది కానీ కాళ్లు పొట్టి, పీకాక పక్క నుంచి చూస్తే బాడీ కింద కాళ్లు కనిపించీ కనిపించనట్టు ఉంటాయి. మైక్రో2 ఇంకా సన్నం, సుమారు 9 మిల్లీమీటర్లు. మైక్రో3కి మూడు కాళ్లు, మామూలు ట్యాప్ అందులో పట్టదు. చాలా కార్లలో ఒకే బాక్స్‌లో రెండు మూడు రకాలు కలిసి ఉంటాయి. సైజు సరిపోని ట్యాప్‌ను బలవంతంగా దూర్చితే స్లాట్‌లోని రేకు వదులైపోతుంది. వదులు కాంటాక్ట్ వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది.

మొదటి అంచె: ఫ్యూజులు ఎంచుకోవడం

క్యాబిన్‌లోని ఫ్యూజ్ బాక్స్ మామూలుగా స్టీరింగ్ కింద గానీ, గ్లవ్ బాక్స్ వెనక గానీ, డ్యాష్‌బోర్డు పక్క అంచున తలుపు తీస్తే కనిపించేలా గానీ ఉంటుంది. మూత వెనక ఏ ఫ్యూజ్ దేనికో పటం ఉంటుంది, లేకపోతే కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఫ్యూజ్ పీకే చిన్న ప్లాస్టిక్ చిమటా కూడా చాలా కార్లలో అక్కడే బిగించి ఉంటుంది. ఏదైనా ముట్టుకునేముందు ఫోన్‌తో బాక్స్ మొత్తం ఫోటో తీసుకోండి.

తాకకూడనివి ముందు చెప్తాను. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంప్, పవర్ స్టీరింగ్, బ్రేక్ లైట్లు, హెడ్‌లైట్లు. వీటి ఫ్యూజ్ ఎంత వీలుగా కనిపించినా వదిలేయండి. ట్యాప్ ఎంత బాగున్నా అది ఒక అదనపు అతుకే. బండి నడుస్తుండగా అది కాస్త కదిలినా ఆగిపోకూడనివి ఇవన్నీ. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోనూ 12 వోల్టుల ఫ్యూజ్ బాక్స్ వేరుగా ఉంటుంది, పని దాంతోనే. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే అది హై వోల్టేజీ, దాని దగ్గరకు వెళ్లొద్దు.

ఏసీసీ వైరుకు పవర్ సాకెట్, వెనక వైపర్, సీటు హీటర్, సన్‌రూఫ్ లాంటివి మంచివి. ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు డోర్ లాక్, లోపలి లైటు లాంటివి చూడొచ్చు. ఇవన్నీ పటం చూసి వేసుకునే అంచనాలే. ఒకే మోడల్‌లో ఒక వేరియంట్‌కు ఒక ఫ్యూజ్ ఆన్‌లో ఉంటే మరో వేరియంట్‌కు అది ఖాళీగా ఉంటుంది. పటం ఏం చెప్పినా మీటర్ చెప్పిందే లెక్క.

రెండో అంచె: మీటర్‌తో నిర్ధారణ

మీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టండి. నల్ల ప్రోబ్‌ను కారు బాడీలో పెయింట్ లేని ఇనుముకు ఆనించండి. బ్లేడ్ ఫ్యూజ్‌ను పైనుంచి దగ్గరగా చూస్తే ప్లాస్టిక్ తల మీద రెండు చివర్లా సన్నని లోహపు చుక్కలు కనిపిస్తాయి. ఫ్యూజ్ పీకకుండానే కొలవడానికి ఇచ్చినవి అవి. ఎర్ర ప్రోబ్ కొసను ఆ చుక్కకు తాకించండి.

తాళం ఆఫ్‌లో ఉన్నప్పుడు సున్నా, ఆన్ చేస్తే 12 పైచిలుకు వచ్చేది ఏసీసీ ఫ్యూజ్. రెండు స్థితుల్లోనూ 12 పైచిలుకు చూపేది ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కొత్త కార్లలో తాళం తీశాక కూడా కొన్ని సర్క్యూట్లకు కాసేపు కరెంటు ఉంటుంది. కొన్నిటికి తలుపు తెరిచేదాకా, ఇంకొన్నిటికి కారులోని కంప్యూటర్లు నిద్రలోకి జారుకునేదాకా. ఈ నిద్రకు కొన్ని కార్లలో అరగంట దాకా పట్టొచ్చు. లోపలి లైటు ఫ్యూజ్ ఎప్పుడూ ఆన్ అనిపిస్తుంది, కానీ కొన్ని కార్లలో బ్యాటరీ కాపాడుకోవడానికి కారే దాన్ని కొంతసేపటికి కట్ చేస్తుంది. పసుపు వైరును అలాంటి దానికి కలిపితే రాత్రి పార్కింగ్ రికార్డింగ్ ఒక అరగంట నడిచి ఆగుతుంది, తప్పు ఎక్కడుందో తెలియక కెమెరాను మార్చేస్తారు.

దీన్ని పట్టుకునే పద్ధతి ఉంది. తలుపు తెరిచి ఉంచి, తలుపు అంచున ఉన్న కొక్కెం లాంటి లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసే దిశలో నొక్కండి. టక్‌మని పడుతుంది, చాలా కార్లు దాంతో తలుపు మూసుకుందనే అనుకుంటాయి. రిమోట్‌తో లాక్ చేసి, తాళంచెవిని కారుకు దూరంగా పెట్టి రండి. కీలెస్ కార్లలో తాళంచెవి దగ్గరలో ఉంటే కారు నిద్రపోదు. అరగంట ఆగి మళ్లీ కొలవండి. ఇప్పటికీ 12 చూపిస్తే అదే మీ పసుపు వైరు చోటు. ఏసీసీ అనుకున్నది ఇప్పుడు సున్నాకు రావాలి. పని అయ్యాక అన్‌లాక్ చేసి, తలుపు హ్యాండిల్ లాగి లాచ్‌ను తెరిచాకే తలుపు వేయండి. మరిచిపోయి గట్టిగా వేస్తే లాచ్ దెబ్బతింటుంది.

మూడో అంచె: ట్యాప్ ఏ వైపుగా పెట్టాలి

ట్యాప్‌లో రెండు ఫ్యూజులు పడతాయి. కాళ్లకు దగ్గరగా ఉన్న గూట్లో కారు పాత ఫ్యూజ్, రెండో గూట్లో కెమెరా కోసం కొత్తది. బయటికొచ్చే వైరులో కొత్త ఫ్యూజ్ దాటిన కరెంటు వస్తుంది.

మొదటి గూట్లోది కారు పాత ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో అన్నే ఉండాలి, ఎక్కువది పెట్టొద్దు. ఫ్యూజ్ ఉన్నది ఆ లైను వైరు కాలిపోకుండా కాపాడటానికి. కొత్త దాని విషయంలోనూ అంతే. కెమెరా 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు లాగినా అది 10 వాట్లు, 12 వోల్టుల వైపు చూస్తే ఒక ఆంపియర్ లోపే. అందుకని 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది, కిట్ తయారీదారు ప్రత్యేకంగా చెప్పి ఉంటే ఆ అంకె. చేతికి అందిన 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజ్ పెట్టేస్తే ఆ సన్నని వైరుకు దక్కాల్సిన రక్షణ తగ్గిపోతుంది. రంగులతో గుర్తుపట్టాలంటే 2 బూడిద, 3 ఊదా, 5 లేత గోధుమ, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు.

ట్యాప్ తిరగేసి పెట్టినా కెమెరా వెలుగుతుంది కాబట్టి తిరగేశామన్న సంగతి చాలామందికి తెలియదు. తిరగేస్తే కెమెరా లాగే కరెంటు కూడా పాత ఫ్యూజ్ గుండానే పోతుంది. అది కాలిందంటే రెండూ ఆగుతాయి. సరైన వైపుగా పెడితే రెండు లైన్లూ వేటికవి విడిగా ఉంటాయి, కెమెరా వైపు షార్ట్ అయినా కారు లైను చెక్కుచెదరదు.

వైపు తేల్చుకోవడం ఇలా. ఎంచుకున్న ఫ్యూజ్ పీకి, తాళం ఆన్ చేసి, ఖాళీ స్లాట్‌లోని రెండు రేకులనూ ఒక్కొక్కటిగా కొలవండి. 12 చూపేది బ్యాటరీ వైపు రేకు. ఇప్పుడు ట్యాప్ చేతిలోకి తీసుకుని, కొత్త ఫ్యూజ్ గూట్లో మాత్రమే ఫ్యూజ్ పెట్టి, పాత ఫ్యూజ్ గూడు ఖాళీగా వదలండి. మీటర్‌ను కంటిన్యుటీకి (దారి కలిసి ఉంటే బీప్ చేసే సెట్టింగ్) మార్చి, ఒక ప్రోబ్ ట్యాప్ వైరు కొసకు, ఇంకోటి ట్యాప్ కాళ్లకు ఒక్కొక్కదానికీ తాకించండి. ఏ కాలికి బీప్ వస్తుందో ఆ కాలు స్లాట్‌లోని బ్యాటరీ వైపు రేకులోకి వెళ్లాలి. ఆ కాలికి మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, ఫ్యూజ్‌ను మళ్లీ దాని చోట పెట్టేయండి.

ఖాళీ స్లాట్ వాడొచ్చా అని అడిగేవాళ్లుంటారు. అందులో రేకులుండి, మీటర్ 12 చూపిస్తే వాడొచ్చు. అప్పుడు పాత ఫ్యూజ్ గూట్లో ఏమీ పెట్టొద్దు. ఇక్కడ మాత్రం ట్యాప్ తిరగబడితే కెమెరా అసలు వెలగదు.

నాలుగో అంచె: బ్యాటరీ విప్పి, వైరు నడిపించడం

కొలతలు అయ్యాయి. ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టండి. స్టీరియోకు సెక్యూరిటీ కోడ్ ఉంటే ముందే దగ్గర పెట్టుకోండి. కిటికీల ఆటో సెట్టింగ్ పోవచ్చు, మాన్యువల్‌లో ఉన్నట్టు మళ్లీ సెట్ చేసుకుంటే సరి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో మిగిలిన కరెంటు దిగిపోవడానికి మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. కనీసం పది నిమిషాలు ఆగి మొదలుపెడితే నిశ్చింత.

కెమెరాను వెనక చూసే అద్దం వెనక, డ్రైవర్ చూపుకు అడ్డు రాకుండా, వైపర్ తుడిచే భాగంలో పెట్టండి. లేన్ కెమెరా, వర్షం సెన్సర్ ఉంటే వాటి ముందుకు రాకూడదు. వైరును ముందు అద్దానికీ పైకప్పు గుడ్డకూ మధ్య సందులోకి వేళ్లతో తోస్తూ పక్కకు తీసుకెళ్లండి. కొంచెం కొంచెంగా తోస్తే గుడ్డ మడత పడదు.

పిల్లర్ దగ్గరికి వచ్చాక ఆగి చూడండి. ట్రిమ్ మీద ఎయిర్‌బ్యాగ్ అనో ఎస్‌ఆర్‌ఎస్ (ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ పేరు) అనో అచ్చు ఉంటే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (కిటికీల వైపు తెరలా విచ్చుకునేది) ఆ లోపలి నుంచే విచ్చుకుంటుంది. కెమెరా వైరు ఎయిర్‌బ్యాగ్‌కు ముందు, అంటే దానికీ ట్రిమ్‌కూ మధ్య, ఉండకూడదు. ఉంటే ప్రమాదం జరిగిన క్షణంలో బ్యాగ్ విచ్చుకునే దారికి అడ్డం పడుతుంది, వైరుతో పాటు క్లిప్పులు కూడా ముఖం మీదికి రావొచ్చు. వైరు బ్యాగ్ వెనకగా, బాడీ ఇనుముకు ఆనుకుని పోవాలి. అక్కడ కంపెనీ వేసిన వైర్ల కట్ట కిందికి దిగుతూ ఉంటే దాని పక్కనే నడిపించి, బ్యాగ్‌కు ఎక్కడా తగలకుండా గుడ్డ టేపుతో చుట్టండి. బ్యాగ్‌కు గానీ, దాన్ని పట్టి ఉంచే బిగింపులకు గానీ జిప్ టై వేయొద్దు. ట్రిమ్‌ను చాలా కార్లలో ఒక పట్టీ క్లిప్ పట్టి ఉంచుతుంది, ట్రిమ్ ఎగిరిపడకుండా కాపాడేది అదే. కొన్ని కార్లలో ఆ క్లిప్ ఒకసారి విప్పితే కొత్తది వేయాల్సిందే. ఈ భాగం చేయడానికి ధైర్యం చాలకపోతే ఇదొక్కటీ ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి, అందులో నామోషీ ఏం లేదు.

కింద వైరు ఫ్యూజ్ బాక్స్ దాకా వచ్చాక పెడళ్లకు దూరంగా, స్టీరింగ్ తిరిగే భాగాలకు తగలకుండా కట్టండి. మిగిలిన వైరును చుట్టి, కిట్ డబ్బాతో సహా గట్టి బ్రాకెట్‌కు జిప్ టైతో బిగించండి. వేలాడనిస్తే ఏదో ఒకరోజు బ్రేక్ పెడల్ వెనక పడుతుంది.

ఐదో అంచె: గ్రౌండ్

కెమెరా ఆగిపోతూ వెలుగుతూ ఉందంటే నేను మొదట అనుమానించేది గ్రౌండ్‌నే. బాడీ ఇనుములోకి దిగిన బోల్టు వెతకండి. ప్లాస్టిక్‌ను పట్టుకున్న స్క్రూ పనికిరాదు. ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు, స్టీరింగ్ బోల్టులు ముట్టొద్దు. మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, ఆ బోల్టుకూ కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ పాయింటుకూ మధ్య కొలిస్తే ఒక ఓమ్ లోపు రావాలి. పెయింట్ ఉంటే కాస్త గీకండి. నల్ల వైరు టెర్మినల్‌ను బోల్టు కింద పెట్టి గట్టిగా బిగించండి. స్టార్ట్-స్టాప్ కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది, కాబట్టి నల్ల వైరును బ్యాటరీ నెగటివ్‌కు నేరుగా కలపకుండా బాడీకే ఇవ్వండి.

ఆరో అంచె: కలిపి చూడటం

కిట్ వైరు కొసను 6 మిల్లీమీటర్ల మేర ఒలిచి, ట్యాప్ చివరి కనెక్టర్‌లో పెట్టి క్రింప్ చేయండి. లాగి చూడండి, ఊడితే మళ్లీ చేయాల్సిందే. కారు వైర్లను కోసే క్లిప్ కనెక్టర్లు వాడొద్దు. పాత ఫ్యూజులు పీకి, ట్యాపులను గుర్తు పెట్టిన వైపుగా చివరిదాకా దించండి, మూత పడుతుందో లేదో చూసుకోండి. బ్యాటరీ కలపండి.

తాళం ఆన్ చేస్తే కెమెరా మామూలు రికార్డింగ్‌లోకి, ఆఫ్ చేస్తే పార్కింగ్ మోడ్‌లోకి రావాలి. తాళం తీయగానే పూర్తిగా ఆరిపోతే పసుపు వైరులో కరెంటు లేదు, లేదా ఎరుపు, పసుపు తారుమారయ్యాయి. ఎంతసేపైనా పార్కింగ్ మోడ్‌కు వెళ్లకపోతే ఎరుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కు పడింది, లేకపోతే కెమెరా మెనూలో ఆ మోడ్ ఆన్ చేయలేదు. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటే బండి నడపకుండా సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. ఎఫ్ఎం రేడియోలో గరగర మొదలైతే కిట్ డబ్బానూ వైరునూ యాంటెన్నా తీగకు దూరంగా జరిపి, వైరుకు ఫెర్రైట్ పూస (రేడియో గోలను తగ్గించే అయస్కాంత పదార్థపు ముక్క) తగిలించండి.

కటాఫ్ వోల్టేజీ సంగతి

నిండుగా ఛార్జ్ అయిన మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే దాదాపు సగం ఖాళీ. 11.8కి దిగిందంటే అందులో మిగిలిందేమీ లేదనే అనుకోవాలి. కిట్‌లో 11.8 సెట్టింగ్ ఉన్నా దాన్ని పెట్టొద్దనే నా సలహా. 12.2 పెట్టండి, చలి ఎక్కువగా ఉండే చోట 12.4.

పార్కింగ్ మోడ్‌లో కెమెరా 12 వోల్టుల వైపు 0.3 ఆంపియర్లు లాగుతుందనుకుంటే 12 గంటలకు 3.6 ఆంపియర్-అవర్లు. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అది 8 శాతం, ఫర్వాలేదు. అదే బండి రెండు రోజులు కదలకుండా ఉంటే 14.4, అంటే దాదాపు మూడో వంతు. ఆపైన రోజూ పది నిమిషాల ప్రయాణాలే అయితే ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆ లోటు పూడ్చలేదు, కటాఫ్ ఉన్నా బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అలాంటి వాడకం ఉన్నవాళ్లు టైమర్ పెట్టుకోండి, లేదా బండి కదలని రోజుల్లో పార్కింగ్ మోడ్ ఆపేయండి.

మొదటి వారం రోజూ ఉదయం స్టార్ట్ చేసేముందు మీటర్‌తో బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.4కు తగ్గకుండా ఉంటే సెట్టింగ్ సరిపోయినట్టే. అదే సమయంలో తాళం ఆన్ చేసి ట్యాపుల మీద వేలు పెట్టి చూడండి, పక్క ఫ్యూజుల కంటే వేడిగా తగిలితే అక్కడ కాంటాక్ట్ వదులుగా ఉందన్నమాట. వెంటనే తీసి సైజు మళ్లీ సరిచూసుకోండి. బండి సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఏ రెండు ఫ్యూజులకు ట్యాప్ వేశారో మెకానిక్‌కు ముందే చెప్పండి, వాటిని పీకి మామూలు ఫ్యూజులు పెడితే కారు మళ్లీ కంపెనీ వైరింగ్‌తోనే నడుస్తుంది.